దంత క్రమీకరణలో సూక్ష్మ ఇంప్లాంట్ల ఆధారం: ఫ్లోరోసిస్ ప్రాంత దృష్టితో ఒక పరిశీలన

ఎత్తుపళ్ల చికిత్సలో తరచుగా మొదటి అగ్రచర్వణకాలను తొలగించి, ఆ ఖాళీలోకి ముందుపళ్లను వెనక్కి జరుపుతారు. న్యూటన్ మూడవ సూత్రం ప్రకారం, ఆ బలమే ఆధారంగా ఉన్న చర్వణకాలను ముందుకు లాగుతుంది. ఆ మేరకు ఖాళీ వృథా అవుతుంది. ఈ ప్రతిచర్యను నిలువరించే ఏర్పాటునే ‘ఆంకరేజ్’ అంటారు.

దంతాలకు బదులు ఎముకనే ఆధారం చేసుకోవాలన్న ఆలోచన పాతదే. 1945లో గెయిన్స్‌ఫోర్త్, హిగ్లీ కుక్కల దవడ ఎముకలో బిగించిన మరలు ఎక్కువ కాలం నిలువలేదు. 1983లో క్రీక్‌మోర్, ఎక్లండ్ ఒక రోగి ముక్కు దిగువ ఎముకలో మర అమర్చి, దాని ఆధారంగా పై ముందుపళ్లను పైకి జరిపారు. 1997లో కనోమి 1.2 మి.మీ. వ్యాసం, 6 మి.మీ. పొడవు గల మినీ ఇంప్లాంట్‌ను వివరించాడు. నేడు వాడే టైటానియం మిశ్రమలోహపు మరలు ప్రధానంగా యాంత్రిక బిగువుతో నిలుస్తాయి. కనుకనే పని ముగిశాక సులువుగా తీసివేయవచ్చు. అయితే ఈ ఆధారం సంపూర్ణం కాదు. కొన్ని వదులవుతాయి, మరికొన్ని బలప్రభావంతో స్వల్పంగా జరుగుతాయి.

మునగాల 2016 వరకు నల్లగొండ జిల్లాలో ఉండేది. తాగునీటిలోని ఫ్లోరైడ్ సమస్యకు ఆ జిల్లా పేరుపడింది. ఫ్లోరోసిస్ సోకిన పింగాణి పొర ఆమ్లానికి సరిగా లొంగదు. అందువల్ల బ్రాకెట్ల అతుకు బలహీనపడవచ్చు. ఇంప్లాంట్ ఎముకలో నిలుస్తుంది కనుక దానికి ఈ చిక్కు లేదు. కానీ జరపవలసిన పళ్లకు బ్రాకెట్లు అతికించక తప్పదు. కాబట్టి ఇటువంటి ప్రాంతాలలో ఇంప్లాంట్ ప్రతిచర్య సమస్యకే పరిష్కారం. అతుకు సమస్యకు కాదు. చికిత్సా ప్రణాళికలో ఈ రెండింటినీ వేర్వేరుగా చూడాలి.