బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ దర్శనీయ స్థలాలు: స్థలనామ దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
హైదరాబాదులో సంపదకూ సినిమా వైభవానికీ పేరుపడిన ప్రాంతాలు బంజారాహిల్స్, జూబ్లీహిల్స్. అక్కడి ఉద్యానం, చెరువు, ఆలయాలు, స్టూడియోలు, సాంస్కృతిక వేదికలు నిత్యం సందర్శకులను ఆకర్షిస్తున్నాయి. ఈ స్థలాలను వాటి పేర్ల ఆధారంగా పరిచయం చేయడం, ప్రాంతానికి పేరునిచ్చిన బంజారాలకు ఈ దర్శనీయ స్థలాల నడుమ దక్కిన చోటును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: స్థలనామాలు, బంజారా, సుగాలి, తండా, దర్శనీయ స్థలం, కదిరి.

1. ఉపోద్ఘాతం

స్థలనామ అధ్యయనం ఊరి పేరును చారిత్రకాధారంగా స్వీకరిస్తుంది. శ్రీసత్యసాయి జిల్లాలోని కదిరి ఇందుకు చక్కని నిదర్శనం. ఖదిరమంటే చండ్రచెట్టు. ఆ చెట్టుతో ముడిపడిన నృసింహుని కథే ఊరి పేరుకు మూలమని స్థలపురాణం చెబుతుంది. ఖాద్రి లక్ష్మీనరసింహస్వామి దర్శనానికి వచ్చిన యాత్రికుడు స్వామిని చూస్తాడు, ఊరి పేరు వెనుక కథనూ వింటాడు. ఇక్కడ పేరు, కథ, దర్శనం ఒకదానినొకటి నిలబెడుతున్నాయి. బంజారాహిల్స్ విషయంలో ఈ మూడూ విడిపోయాయి. పేరు అందరికీ తెలుసు, స్థలాలను అందరూ చూస్తారు, కథ మాత్రం వినిపించదు.

2. పేరు పుట్టుక

రాయలసీమలో సుగాలీలుగా, తెలంగాణలో లంబాడీలుగా పిలువబడేవారే బంజారాలు. వీరి భాష గోర్ బోలి. 'బంజారా' శబ్దాన్ని వాణిజ్యవాచకమైన సంస్కృత పదంతోను, 'లంబాడీ' శబ్దాన్ని లవణంతోను ముడిపెట్టే వ్యుత్పత్తులు ప్రచారంలో ఉన్నాయి. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశం నలుమూలలకూ చేరవేసిన వీరి వృత్తికి ఆ వ్యుత్పత్తులు సరిపోతాయి. 19వ శతాబ్దంలో రైలు మార్గాలు వ్యాపించడంతో ఈ రవాణా దెబ్బతిన్నది. సంచార జీవనం తగ్గి తండాలు స్థిరపడ్డాయి.

హైదరాబాదు నగరానికి పడమట ఉన్న రాతిగుట్టల్లోనూ బంజారాలు నివసించేవారు. నిజాం ప్రభుత్వ ఉన్నతాధికారి మెహదీ నవాజ్ జంగ్ 1930 ప్రాంతంలో అక్కడి బండలను కలుపుకొంటూ ఇల్లు కట్టుకొన్నారు. ఆయనే ఆ గుట్టలకు బంజారాల పేరు పెట్టారని ప్రసిద్ధి. 1933లో హైదరాబాదు వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ కూడా ఈ గుట్టల అందాన్ని చూసి కవిత రాశారు. మెహదీ నవాజ్ జంగ్ తరువాతి కాలంలో గుజరాత్ రాష్ట్రానికి తొలి గవర్నరయ్యారు.

భాషాపరంగా ఈ పేరులో ఒక విశేషం ఉన్నది. తెలుగులో 'కొండలు' సప్తమీ విభక్తి చేరితే 'కొండల్లో' అవుతుంది. 'హిల్స్' విషయంలో బహువచన స్పృహ లేదు. 'బంజారాహిల్స్‌లో' అని ఏకవచనంవలె వాడుతున్నాం. అంటే 'హిల్స్' అర్థాన్ని కోల్పోయి ఒక పేటకు గుర్తుగా మిగిలింది. 'బంజారా' పదానికీ జనవ్యవహారంలో ఇదే స్థితి ఏర్పడింది.

3. దర్శనీయ స్థలాలు

3.1 ప్రకృతి స్థలాలు: కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం సుమారు 390 ఎకరాల్లో విస్తరించింది. 1998లో దీనిని జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. ఆసఫ్‌జాహీ వంశానికి చెందిన చిరాన్ ప్యాలెస్ దీనిలోనే ఉన్నది. నెమళ్ళు తిరిగే ఈ అడవిని చూసినప్పుడు, భవనాలు రాకముందు ఈ గుట్టలు ఎలా ఉండేవో ఊహకు అందుతుంది. ఒకప్పుడు గోలకొండకు నీరందించిన దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన ప్రారంభమైంది. అది జూబ్లీహిల్స్‌ను మాదాపూర్ వైపుకు కలుపుతున్నది.

3.2 ఆలయాలు: జూబ్లీహిల్స్‌లోని పెద్దమ్మతల్లి గుడి గ్రామదేవతారాధనకు చెందినది. చుట్టూ మహానగరం పెరిగినా బోనాల సంప్రదాయం అక్కడ కొనసాగుతున్నది. సమీప మెట్రో స్టేషన్‌కు 'పెద్దమ్మగుడి' అన్న తెలుగు పేరే నిలిచింది. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12లో పూరీ ఆలయ నమూనాలో నిర్మించిన జగన్నాథాలయం నగరంలోని ఒడియా ప్రజల సాంస్కృతిక కేంద్రం. అదే రోడ్డులోని హరేకృష్ణ స్వర్ణదేవాలయంలో స్వయంభువుగా భావించే లక్ష్మీనరసింహస్వామిని కొలుస్తారు.

3.3 సినిమా, కళావేదికలు: మద్రాసు నుండి తెలుగు సినిమా హైదరాబాదుకు తరలిన చరిత్రలో అక్కినేని నాగేశ్వరరావు 1970లలో నెలకొల్పిన అన్నపూర్ణ స్టూడియోకు ముఖ్యస్థానం ఉన్నది. ఆ తరువాత ఫిలింనగర్ వెలిసింది. 2010లో ఒక పాత ఇంట్లో మొదలైన 'లామకాన్' నాటకాలకు, చర్చలకు, సంగీతానికి తలుపులు తెరిచింది. ఉర్దూలో ఆ మాటకు 'స్థలాతీతం' అని అర్థం. ఇంటి విలువను స్థలాన్ని బట్టి కొలిచే పేటలో ఈ పేరు ఆలోచింపజేస్తుంది.

3.4 వైద్యం కోసం వచ్చేవారు: సందర్శకులందరూ వినోదం కోసమే రారు. 2000లో బంజారాహిల్స్‌లో ప్రారంభమైన బసవతారకం ఇండో-అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి రెండు రాష్ట్రాల ప్రజలకూ పరిచితం. దూరప్రాంతాల నుండి వచ్చే రోగులకు, వారి వెంట వచ్చే బంధువులకు బంజారాహిల్స్ అంటే ముందుగా గుర్తుకు వచ్చేది ఆసుపత్రే. పర్యాటక రచనలు ఈ రాకను లెక్కలోకి తీసుకోవు.

4. అంకెల చిరునామా

ఈ రెండు ప్రాంతాల్లో రోడ్లకు ప్రధానంగా అంకెలే గుర్తులు. 'రోడ్ నంబర్ 36', 'రోడ్ నంబర్ 45' అంటే చిరునామాతో పాటు హోదా కూడా స్ఫురిస్తుంది. పాత వీధిపేరు ఒక కులాన్నో, వృత్తినో, చెట్టునో, చెరువునో గుర్తుచేస్తుంది. అంకెకు అలాంటి జ్ఞాపకం లేదు. అయినా జనం నోట పాత గుర్తులు పూర్తిగా మాసిపోవు. 'జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్' అన్న వాడుక మెట్రో స్టేషన్ పేరుగా స్థిరపడటమే దీనికి రుజువు.

5. పేరుగలవారి చోటు

2022 సెప్టెంబరు 17న బంజారాహిల్స్ రోడ్ నంబర్ 10లో సంత్ సేవాలాల్ బంజారా భవన్, కుమురం భీం ఆదివాసీ భవన్ ప్రారంభమయ్యాయి. బంజారాల ఆరాధ్యుడైన సేవాలాల్ మహారాజ్ జన్మస్థలం అనంతపురం జిల్లా గుత్తి ప్రాంతమని వారి విశ్వాసం. ఏటా ఫిబ్రవరిలో అక్కడి సేవాగఢ్‌కు పలు రాష్ట్రాల నుండి భక్తులు వస్తారు. అంటే రాయలసీమలో బంజారాల యాత్రాస్థలం, హైదరాబాదులో వారి పేరు గల సంపన్నుల పేట, ఆ పేటలో సేవాలాల్ పేరిట భవనం ఒకే చరిత్రలోని భాగాలు. వీటిని కలిపి చూసినప్పుడే 'బంజారా' అన్న మాటకు మళ్ళీ మనుషుల అర్థం వస్తుంది.

6. ముగింపు

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ దర్శనీయ స్థలాలు ప్రకృతి, భక్తి, కళ, వైద్యం అనే నాలుగు అవసరాలను తీరుస్తున్నాయి. అయితే ఒక సమూహం పేరును నిలుపుకొని దాని కథను విడిచిపెట్టడం ఆ సమూహానికి గౌరవం కాదు. కదిరిలో యాత్రికునికి ఖదిరవృక్షపు కథ చెప్పినట్లే, బంజారాహిల్స్ పరిచయమూ బంజారాలతో మొదలుకావాలి. అందుకు కావలసిన ఆధారాలు పర్యాటక కరపత్రాల్లో దొరకవు. గోర్ బోలిలోని పాటల్లో, వృద్ధుల జ్ఞాపకాల్లో, తండాల పేర్లలో అవి వెదకాలి. కదిరి పరిసర మండలాల సుగాలీ తండాలు మొదలుకొని ఈ సేకరణ చేపట్టడం తెలుగు పరిశోధకులకు అందుబాటులో ఉన్న పని. ఆ కథలు చెప్పగల తరం మన మధ్య ఉండగానే ఈ పని జరగాలి.