కుక్కలలోను పిల్లులలోను క్లోమపు వాపు: కారణములు, జాగ్రత్తలు

రుద్రూరు, వర్ని, బోధను ప్రాంతములలో నిజాంసాగరు కాలువ క్రింద సేద్యము చేయు రైతులలో కుక్కను పెంచనివారు తక్కువ. రాత్రివేళ అడవిపందులు చేలలో పడకుండ కాచునది అదే. ధాన్యమును ఎలుకల పాలుకాకుండ కాపాడునది పిల్లి. బోధనులోని చక్కెర కర్మాగారము 2015లో మూతబడి చెరకు సాగు తగ్గినను, ఈ కాపలాదారుల అవసరము తగ్గలేదు. అయినను ఎద్దుకు జబ్బు చేయగానే ఆస్పత్రికి తోలుకొనిపోవు రైతు, కుక్క రెండు దినములు తిండి మానినచో "ఏదో తిన్నది, అదే తగ్గును" అని ఊరకుండును. ఆ రెండు దినములలోనే ప్రాణము తీయగల వ్యాధి ఒకటి కలదు. అదియే క్లోమపు వాపు.

క్లోమము చేయు పని

జీర్ణకోశము ప్రక్కన, చిన్నప్రేవు మొదటి వంపునకు ఆనుకొని క్లోమమను గ్రంథి యుండును. రక్తములోని చక్కెరను అదుపులో నుంచు ఇన్సులినును తయారుచేయుట దీని పనులలో ఒకటి. 1921లో టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అను శాస్త్రజ్ఞులు దీనిని కుక్కల క్లోమము నుండియే తీసి చూపిరి. కొవ్వును, మాంసకృత్తులను అరిగించు రసములను ప్రేవులోనికి పంపుట రెండవ పని. ఈ రసములు క్లోమములో నున్నంతవరకు నిద్రాణముగా నుండి, ప్రేవులో చేరిన తరువాతనే పనిచేయవలెను. ఏ కారణముచేతనైన లోపలనే పనికి పూనుకొన్నచో, తమ గ్రంథినే అరిగించివేయును. నిప్పు పొయ్యిలో నుండవలెను గాని యింటి కప్పున కెక్కరాదు గదా!

కుక్కలలో కారణములు

1. కొవ్వు తిండి: దినమును రొట్టె, గటక, అన్నము తిను కుక్కకు బోనాలనాడో, ఊర పండుగనాడో, పెండ్లినాడో యాట కొవ్వు, ప్రేవులు, వేపుడు నూనె ఒక్కసారిగా కడుపునిండ దొరకును. ఎంగిలి విస్తళ్ల కుప్పలో నోరుపెట్టిన కుక్కకును ఇదే గతి. ఇట్టి తిండి తిన్న పిదప వ్యాధి వచ్చుట పశువైద్యులు తరచుగా చూచుచుందురు.

2. అధిక బరువు: నడివయస్సు దాటి, కట్టుగొయ్య విడువక బలిసిన కుక్కలకు అపాయము హెచ్చు. చెరకు రసము, బెల్లము తామే వ్యాధిని కలిగించునని చెప్పలేము గాని అవి ఒళ్లు పెంచును. మధుమేహము గల కుక్కలకును భయము కలదు. సీమజాతులలో మినియేచర్ ష్నాజర్, యార్క్‌షైర్ టెర్రియర్ వంటివానికి ఎక్కువగా వచ్చును. దేశవాళీ కుక్కకు రాదనుకొనరాదు.

3. పురుగు మందులు: క్లోరిపైరిఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు శరీరములో చేరినచో నరముల ఉద్రేకము ఆగక, క్లోమము మితిమీరి రసములను ఊరించును. పొలమున కలిపిన మందు మిగిలినది గదా యని పిడుదులు పోవుటకు కుక్క ఒంటికి పూయుట కడు ప్రమాదకరము. క్లోమము మాట అటుండగా, నోట చొంగ కారి, వణకి, ఊపిరాడక అప్పటికప్పుడే చావవచ్చును.

4. పిడుదుల జ్వరము: పిడుదులు లేక గోమార్లు కుట్టుటవలన వచ్చు బెబేసియా వ్యాధి ముదిరినపుడు క్లోమమును చెడగొట్టవచ్చును.

5. ఇతరములు: బండి క్రింద పడుట, పొట్టకు దెబ్బ తగులుట, మూర్ఛకు వాడు కొన్ని మందులు.

పిల్లులలో కారణములు

పిల్లులలో చాలమట్టుకు కారణము బయటపడదు. కొవ్వు తిండికిని పిల్లి వ్యాధికిని కుక్కలలో వలె గట్టి సంబంధము కానరాలేదు. పిల్లికి పైత్యనాళము, క్లోమనాళము కలిసి ప్రేవులో ప్రవేశించును. అందువలన ప్రేవుల వాపు, కాలేయపు వాపు, క్లోమపు వాపు మూడును తరచుగా కలిసి వచ్చును. ఎత్తునుండి పడుట, పురుగు మందులు కూడ కారణములు కావచ్చును.

గుర్తించుట

కుక్క మాటిమాటికి వాంతి చేసికొనును, తిండి ముట్టదు, పొట్ట తాకనీయదు. కొన్ని కుక్కలు ముందుకాళ్లు నేల కానించి, వెనుక భాగము పైకెత్తి నిలుచును. పిల్లి ఇంత బాధ కనబరచదు. వాంతి లేకుండగనే మూల నక్కి, తిండి మాని, చిక్కిపోవును. రక్తపరీక్ష, స్కానింగు వలన వ్యాధి నిర్ధారణ కాగలదు.

చేయవలసినవి, చేయరానివి

ఆలస్యము చేయక పశువైద్యుని యొద్దకు తీసికొనిపొండు. సెలైను, నొప్పి తగ్గించు మందులు, వాంతి కట్టు మందులే ముఖ్య చికిత్స. మనుష్యుల నొప్పి బిళ్లలు ఇయ్యరాదు. పారాసెటమాల్ పిల్లికి విషము. వాంతి చేసికొనుచుండగా నూనెగాని, పాలుగాని బలవంతముగ పోయరాదు. పిల్లిని పస్తుంచరాదు, రెండు మూడు దినములు తిననిచో దాని కాలేయమునకు కొవ్వు పట్టును. కోలుకొన్న కుక్కకు చర్మము, కొవ్వు తీసి ఉడికించిన కోడిమాంసమును అన్నముతో కలిపి, కొద్ది కొద్దిగా పలుమార్లు పెట్టుడు. ఒకసారి వచ్చిన వ్యాధి మరల రావచ్చును.

నివారణ

పండుగనాడు కొవ్వును, ప్రేవులను గోతిలో పూడ్చుడు. పురుగు మందులను తాళము క్రింద నుంచుడు. మందు కలిపిన బకెట్టును కుక్కకు అందనీయకుడు. పిడుదులకు వైద్యుడిచ్చిన మందునే వాడుడు; కుక్కకు పూయు మందును పిల్లికి పూయకుడు. పండుగ మనకే గాని కుక్క క్లోమమునకు కాదు. దానికి ఏనాటి తిండి ఆనాటికి పెట్టుటయే మేలు.