వాలిన రెప్పలు, ఱొమ్ములోని గడ్డ

ఱొమ్ములో గడ్డ యనగానే దగ్గు, ఆయాసము, నొప్పి తోచును. కాని యొక అరుదైన గడ్డ తన యునికిని కంటిరెప్పల మూలమున తెలుపుట కలదు. ఉదయము చక్కగా నున్న మనుష్యునకు ప్రొద్దుగ్రుంకు వేళకు రెప్పలు వాలును. ఒక వస్తువు రెండుగా కనబడును. నాలుగు ముద్దలు నమలునంతలో దవడలు అలయును. మాట ముక్కుతో వచ్చును. విశ్రమించినచో మరల శక్తి కలుగును. దీనిని దృష్టిదోషమనియో, పక్షవాతమనియో తలచి కాలహరణము చేయరాదు.

ఈ వ్యాధి పేరు మయస్తీనియా. ఱొమ్ముటెముక వెనుక, గుండెకు ముందు, థైమస్ అను గ్రంథి కలదు. అది బాల్యమున పెద్దదిగా నుండి, వయస్సుతో కుంచించుకొనిపోవును. రోగములనుండి మనలను కాపాడు కణములకు అది పాఠశాల వంటిది. ఆ శిక్షణ చెడినచో, శత్రువును కొట్టవలసిన పదార్థములు, నరము కండకు ఆజ్ఞ నందించు చోటునే కొట్టును. ఈ రోగులలో నూటికి పది, పదునైదుగురికి ఆ గ్రంథియందు థైమోమా యను గడ్డ యుండును. నలుబదియేండ్లు దాటినవారిలో ఇది యెక్కువ.

1936లో అమెరికాలోని నాష్‌విల్ నగరమున ఆల్ఫ్రెడ్ బ్లేలాక్ అను శస్త్రవైద్యుడు ఈ వ్యాధిగల యొక యువతికి అట్టి గడ్డను తొలగించెను, ఆమె కోలుకొనెను. నేడు ఱొమ్ముటెముకను నిలువున కోసి, గడ్డను గ్రంథితోను, చుట్టునున్న క్రొవ్వుతోను కలిపి తీసి, ఎముకను తీగెలతో బిగింతురు. చిన్న గడ్డలను ప్రక్కటెముకల నడుమ రంధ్రములు చేసి, కెమెరా సాయమున తీయుదురు. పైపొరను దాటక మునుపే తీసినచో గుణము చక్కగా నుండును. దాటి ఊపిరితిత్తులకో, గుండెపొరకో ప్రాకినచో కిరణచికిత్సయు, మందులును వలసివచ్చును.

శస్త్రమునకు ముందు కండబలమును మందులతో కుదుటపరచుట ముఖ్యము. లేనిచో ఊపిరి తీయు కండలే సోలి ప్రాణాపాయము కలుగును. గడ్డ తీసిన పిదపను మందులు కొనసాగవచ్చును. వైద్యుడు చెప్పక మానరాదు. కొన్ని సూదిమందులు ఈ వ్యాధిని పెంచును గనుక, జ్వరమునకు పోయినను వైద్యునకు ముందుగా చెప్పవలెను.

చిన్న గడ్డ మామూలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చును, సి.టి. పరీక్ష కావలయును. నరముల వైద్యులును, ఱొమ్ము శస్త్రవైద్యులును ఒక్కచోట నున్న ఆస్పత్రులకు, తిరుపతి స్విమ్స్‌కో, వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకో పోవుట మేలు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకము వర్తించునేమో బయలుదేరకముందే విచారింపుడు. మీ యూర సాయంకాలమున రెప్ప వాలువారు కనబడినచో, పెద్దలుగా మీరు చెప్పిన మాటను వారు విందురు. ఆ మాట ఆలసింపక చెప్పుడు.