గింజతో రాని ద్రాక్ష

ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డుకి కూతవేటు దూరంలో ఉన్న మా ఇంట్లో, వంటింటి అలమార పై అరలో రెండు సీసాలు చాలాకాలం పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి మా అమ్మ విజయవాడ నుంచి పంపిన మాగాయ. రెండోది నాతో ఇరవై ఏళ్ళు కలిసి పనిచేసిన ఒక జర్మను పెద్దాయన రిటైరై వెళ్ళిపోతూ చేతిలో పెట్టిన వైను. మా ఇంట్లో తాగే అలవాటు లేదు. అలా అని ఆప్యాయంగా ఇచ్చినదాన్ని పారెయ్యడానికి మనసొప్పలేదు.

ఒక ఆదివారం మా అబ్బాయి ఏదో వెతుకుతూ రెండిటినీ కిందికి దించాడు. "దీని మీద ఏం రాసుంది నాన్నా?" అని వైను సీసా చూపించాడు. నాకు జర్మను రాదు. "పోనీ దీని మీద?" అన్నాడు. అది మా అమ్మ చేతిరాత: "మాగాయ. పులుపెక్కువ. నూనె పోసుకోవాలి." అది నేను చదవగలను, వాడు చదవలేడు. ఒకే అరలో రెండు చీటీలు, రెండూ వాడికి ఒకటే. ఆ మాట మనసులో గుచ్చుకుంది. ముందు జర్మను చీటీ సంగతి తేలుద్దామని ఆ పెద్దాయనకి ఫోను చేశాను. ఇది వైను తాగమని చెప్పే వ్యాసం కాదు. ఆ చీటీ చదవడం నేర్చుకుంటూ తెలుసుకున్న కొన్ని సంగతులు మాత్రమే.

సీసా మీద పేరు ష్లోస్ యోహానిస్‌బెర్గ్. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారేటప్పుడు మనలో చాలామంది ఆ చుట్టుపక్కల నాలుగైదు గంటలు కాలక్షేపం చేసినవాళ్ళమే. అక్కడికి పడమరగా, రైన్ నది ఒడ్డున, దక్షిణానికి వాలిన కొండ మీద ఉందీ తోట. సుమారు 1100 ప్రాంతంలో అక్కడ క్రైస్తవ సన్యాసులు మఠం కట్టుకున్నారు. 1716లో ఫుల్డా మఠాధిపతి దాన్ని కొని, 1720లో కొండంతా రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్ష నాటించాడు. 1816లో ఆస్ట్రియా చక్రవర్తి దాన్ని తన మంత్రి మెటర్నిక్‌కి ఇనాముగా ఇచ్చాడు. ఏటా పంటలో పదోవంతు తన వంశానికి ముట్టాలన్నది షరతు. 1942లో బాంబులు పడి కోట ధ్వంసమైంది, మళ్ళీ కట్టుకున్నారు. ఇన్ని చేతులు మారినా ఆ కొండ మీద ఈనాటికీ రీస్లింగ్ ఒక్కటే పండిస్తారు.

ఒకే కొండ, ఒకే ద్రాక్ష. అయినా అక్కడ దొరికే వైన్లు ఎనిమిది రకాలకు తక్కువ కాదు. ఎలాగంటారా? తేడా అంతా కోసే రోజులో ఉంది.

ద్రాక్షలోని చక్కెరే పులిసి సారాగా మారుతుంది. అంచేత పండు ఎంత పండింది అన్నదే లెక్క. ఆ లెక్కకి జర్మనులు ఫెర్డినాండ్ ఎక్స్‌లె పేరుతో ఒక కొలత వాడతారు. లీటరు నీళ్ళు వెయ్యి గ్రాములు తూగుతాయి కదా, లీటరు ద్రాక్షరసం 1085 గ్రాములు తూగితే అది 85 డిగ్రీలు. ఎంత తీపైతే అంత బరువు. ఈ డిగ్రీలను బట్టి 1971 నాటి చట్టం మెట్లు కట్టింది. మామూలు కోతకి వచ్చినది కాబినెట్. ఆలస్యంగా కోసినది ష్పేట్‌లేజె. బాగా పండిన గుత్తులు ఏరి కోసినది ఔస్‌లేజె. గుత్తిలో ఒక్కొక్క పండే ఏరినది బేరెన్‌ఔస్‌లేజె. తీగ మీదే కిస్‌మిస్‌లా ఎండిన పళ్ళు ఏరినది ట్రోకెన్‌బేరెన్‌ఔస్‌లేజె. సున్నాకి దిగువన ఏడు డిగ్రీల చలిలో, పండులో నీరు గడ్డకట్టాక, చీకటుండగానే కోసి పిండేది ఐస్‌వైన్.

ఇక్కడొక పొరపాటు చాలామంది చేస్తారు. ఈ పేర్లు సీసాలో తీపిని చెప్పవు, కోతనాటి పక్వాన్ని చెబుతాయి. చక్కెరంతా పులియనిస్తే ష్పేట్‌లేజె కూడా తీపి లేకుండా తయారవుతుంది. అప్పుడు చీటీ మీద "ట్రోకెన్" అన్న మాట కలుపుతారు. అంటే "పొడి" అని.

యోహానిస్‌బెర్గ్ వారు ఈ మెట్లకి రంగులు కూడా పెట్టుకున్నారు. సీసా మూతికి వేసే లక్క రంగునిబట్టి పేరు. మామూలు వైనుకి పసుపు, కాబినెట్‌కి ఎరుపు, ష్పేట్‌లేజెకి ఆకుపచ్చ, ఔస్‌లేజెకి గులాబి, ఆ పై మెట్టుకి గులాబితో బంగారం, ఎండు పళ్ళదానికి అచ్చ బంగారం, ఐస్‌వైన్‌కి నీలం. తోటలో మేలైన చోట పండిన, తీపి లేని వైనుకి వెండి. మా సీసాది ఆకుపచ్చ.

ఆ ఆకుపచ్చకి ఒక కథ ఉంది. కోత మొదలుపెట్టాలంటే ఫుల్డా నుంచి మఠాధిపతి అనుమతి గుర్రం మీద రావాలి. 1775లో ఆ రౌతు ఎందుకో చాలా ఆలస్యంగా వచ్చాడట. ఈలోగా పళ్ళకి బూజు పట్టింది. సన్యాసులు ఉసూరుమంటూ వాటినే పిండారు. తరువాతి ఏడు రుచి చూస్తే అమృతం! ఆ బూజు పండు తోలుకి కంతలు చేసి నీరు ఇగిరిపోనిస్తుంది, చక్కెర చిక్కబడుతుంది. జర్మనులు దాన్ని గౌరవంగా "మేలిజాతి బూజు" అంటారు. ఆలస్యంగా వచ్చిన రౌతుకి కోట ఆవరణలో విగ్రహం కట్టారు. ఆలస్యానికి విగ్రహమంటే మన సభల నిర్వాహకులకి ఎంత ఊరటో!

ఫోనులో పెద్దాయన చెప్పిన ఇంకో మాట నన్ను పట్టుకుంది. "లేజె" అంటే ఏరడం, కోత. అదే ధాతువు నుంచి వచ్చిన "లేజెన్" అన్న క్రియకి జర్మనులో రెండు అర్థాలు. ఒకటి ఏరుకోవడం, రెండోది చదవడం.

ఇహ అసలు సంగతి. రీస్లింగ్ గింజ పాతితే రీస్లింగ్ రాదు. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రానట్టే. మొలక రావచ్చు, పండూ కాయవచ్చు. కాని అది వేరే పండు. 1435 నాటి ఒక జర్మను చిట్టాపద్దులో రీస్లింగ్ తీగలు కొన్నట్టు రాసి ఉంది. ఆనాటి నుంచి ఈనాటి దాకా ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు కొమ్మ కోసి నాటబట్టే ఆ ద్రాక్ష ఉంది. ఒక్క తరం మానేస్తే ఇంతే సంగతులు.

ఈ మాటకి మన న్యూ జెర్సీలోనే దాఖలా ఉంది. మనకి పొరుగునే ఉన్న పిస్కాటవేలో 1760లలో ఎడ్వర్డ్ యాంటిల్ అనే ఆయన ద్రాక్షతోట వేసి, లండన్‌లోని ఒక సంఘం నుంచి 200 పౌన్ల బహుమతి పొందాడు. ఆ తోట నిలవలేదు. తూర్పు అమెరికాలో యూరపు తీగ ఎక్కడ నాటినా చచ్చిపోయేది. ఇక్కడి మట్టిలో ఉండే ఫిలాక్సెరా అనే చిన్న పురుగు వేళ్ళని తినేసేది. ఇక్కడి బూజులు ఆకుల్ని తినేసేవి. 1860లలో ఆ పురుగు మొక్కలతోపాటు ఓడలెక్కి యూరపు చేరి అక్కడి తోటల్ని తుడిచిపెట్టింది. చివరికి దొరికిన మందు, అంటు. పురుగుని తట్టుకునే అమెరికా వేరు మీద యూరపు కొమ్మ కట్టారు. నేటి యూరపు ద్రాక్ష చాలామటుకు అమెరికా వేళ్ళ మీద నిలబడ్డదే.

గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద దక్షిణంగా గంటన్నర పైచిలుకు పోతే ఎగ్ హార్బర్ సిటీ వస్తుంది. 1850లలో వలసవాళ్ళంటే పడని "నో-నథింగ్" పార్టీ జోరుగా ఉన్న రోజుల్లో, ఫిలడెల్ఫియా జర్మనులు తమ భాషతో తాము బతుకుదామని కట్టుకున్న ఊరది. 1858లో నగరమైంది. వీధులకి కొలోన్, బ్రెమెన్, బేటోవెన్ అని పేర్లు పెట్టుకున్నారు. జర్మను పత్రిక నడిపారు, పాటల సంఘం పెట్టుకున్నారు. ఇసుకనేలలో అమెరికా జాతుల ద్రాక్ష నాటి వైను తీశారు. 1864లో రెనో అనే ఫ్రెంచాయన అక్కడ వేసిన తోట, వైనరీ నేటికీ ఉన్నాయి.

భాష మాత్రం నిలవలేదు. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగాక దేశమంతటా జర్మను మాట మీద అనుమానం పెరిగింది. 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం వైనుని దెబ్బతీసింది. కాని అన్నిటినీ యుద్ధం మీదకి తోసెయ్యడం న్యాయం కాదు. మూడో తరం నాటికి ఇళ్ళలో ఇంగ్లీషే సుఖమైపోవడం వలసవాళ్ళందరి కథ. కిందటేడు మా వాణ్ణి తీసుకుని ఆ ఊరు చూసి వచ్చాను. బేటోవెన్ వీధి ఉంది. తీగలూ ఉన్నాయి. జర్మను మాట ఎక్కడా వినబడలేదు.

మన ఓక్ ట్రీ రోడ్డు మీద దోసె ఉంటుంది, ఆవకాయ ఉంటుంది, గుళ్ళూ ఉంటాయి. వాటికి నాకు బెంగ లేదు. పిల్లలకి రక్తంలోనే భాష వస్తుందిలే అని మనం అనుకుంటున్నామే, అది గింజ మీద పెట్టుకున్న ఆశ. వేరు ఇక్కడిదే అయినా ఫరవాలేదు. ఇక్కడి మట్టిని తట్టుకోవాలంటే అదే మేలు కూడా. కాని కొమ్మ తెచ్చి కట్టే చెయ్యి ఒకటి కావాలి.

ఆ వైను సీసా ఇంకా తెరవలేదు. ఈ వేసవిలో మా ఆవిడ ఇక్కడ దొరికిన మామిడికాయలతోనే మాగాయ పెట్టింది. సీసా మీద చీటీ మా వాడి చేత రాయించాను. "గా"కి దీర్ఘం మరిచిపోయాడు. మళ్ళీ రాయమనలేదు. అలాగే అతికించి, అమ్మ సీసా పక్కన పెట్టాం.