అనుభవమే తొలి పాఠం: కొబ్బరి రైతుకు వయోజన బోధన

వయోజనుడు శిక్షణకు రిక్తహస్తాలతో రాడు; ఏళ్ల అనుభవాన్ని, తక్షణ అవసరాన్ని వెంట తెస్తాడు. మాల్కం నోల్స్ 1970 నాటి గ్రంథంలో వివరించిన వయోజన బోధనా సూత్రాల సారమిదే.

2016లో దేశంలో తొలిసారి గుర్తించిన సర్పిలాకార తెల్లదోమ అనంతరం కోనసీమ కొబ్బరికీ సోకింది. మట్టలపై మసి పేరుకోగానే రైతు పురుగుమందు అడగడం సహజం. పిచికారీ వద్దన్న ఉపన్యాసం మాత్రమే అతనిని ఒప్పించదు. అతనిచేతనే మట్ట కోయించి, ఆకు అడుగుభాగాన్ని భూతద్దంతో పరిశీలింపజేసి, ఎన్‌కార్సియా పరాన్నజీవి ఆశించి నల్లబడిన పిల్లపురుగులను లెక్కింపజేయాలి. మందు తన మిత్రపురుగునే చంపుతుందని అప్పుడతడే గ్రహిస్తాడు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం సూచించే జీవనియంత్రణ అతని ప్రశ్నకు సమాధానమవుతుంది.

కావున విస్తరణ కార్యకర్త ముందు అడగాలి, పిదప చూపాలి, చివర చెప్పాలి. కొన్నాళ్లకు అదే చెట్టు వద్ద మరల లెక్కింపజేస్తే నేర్చినది నిలుస్తుంది.