కళాశాలకు ముందే కళాశాల చదువు

అమెరికాలో కాపురమున్న తెలుగు కుటుంబములకు మే మాసము పరీక్షల మాసము. ఉన్నత పాఠశాలలో నుండగనే కళాశాలకు సరితూగు పాఠములు చదివి, అచటి బాలబాలికలు 'అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్' పరీక్షలు వ్రాయుదురు. 1955లో కాలేజి బోర్డు వీని నిర్వహణమును చేపట్టినది.

ఫలితము 1 మొదలు 5 వఱకు అంకెలలో నుండును. 3 చాలునను కళాశాలలు కొన్ని. 4గాని 5గాని కోరునవి కొన్ని. కళాశాల యంగీకరించినచో ఆ పాఠము నచట మరల చదువ నక్కఱలేదు. దీనినే 'క్రెడిట్టు' అందురు. తగినన్ని చేరినచో అర్ధసంవత్సరపు చదువు రుసుమైనను తగ్గవచ్చును. కాని కాల్‌టెక్ వంటి విద్యాలయములు 5 వచ్చినను క్రెడిట్టు నియ్యవు.

సోదరీమణులారా! మా బిడ్డ పది పరీక్షలు వ్రాసెనను ప్రతిష్ఠకై పిల్లల నిద్ర హరింపకుడు. చేరగోరు కళాశాలలు వేని నంగీకరించునో ముందు తెలిసికొని, ప్రీతిగల రెండు మూడు విషయములనే చక్కగా చదువనిండు. అక్కఱకు రాని పరీక్షకు వెచ్చించిన బాల్యము మరల రాదు.