గొంతు ఎక్కడికీ పోదు

ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. అంట్లు సర్దేసి, ఓ పది నిమిషాలు నడుం వాలుద్దామనుకున్నాను. పక్క గదిలోంచి మొదలైంది దడదడ! మా అమ్మాయి పదో తరగతి. చదువుకోవే అంటే పాటలు పెట్టుకుంటుంది. ‘ఆ మోత కాస్త తగ్గించవే తల్లీ’ అని కేకేయబోయాను. ఇంతలో ఆ మోత మధ్యలోంచి ఒక ఆడగొంతు వినిపించింది. కేక నోట్లోనే ఉండిపోయింది.

సన్నగా, తియ్యగా సాగే గొంతు కాదది. కాస్త మందంగా, కింది స్థాయిలో ఉంది. రోజంతా తిరిగి ఇంటికొచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ మాట్లాడే మనిషి గొంతులా ఉంది.

"ఎవరే ఈవిడ?" అన్నాను.

"ట్రేసీ థోర్న్ అమ్మా. ఇంగ్లండు ఆవిడ. ఈ పాటలు పాడేటప్పటికి అరవైకి దగ్గర పడిందట. వాళ్లాయనతో కలిసి పాడటం మానేసి, ఇరవై నాలుగేళ్ల తర్వాత మళ్లీ ఆల్బం చేసిందట."

ఇక నిద్రెక్కడిది! లేచి వెళ్లి దాని పక్కన కూర్చున్నాను. ఆ ఆల్బం పేరు ‘ఫ్యూజ్’. 2023 ఏప్రిల్‌లో వచ్చింది. ఫ్యూజు అంటే మనకు కరెంటు పోయినప్పుడే గుర్తొస్తుంది. కానీ ఇంగ్లీషులో ఆ మాటకు కరిగి ఒకటైపోవడం అనే అర్థం కూడా ఉంది. ఇద్దరు మనుషులు విడివిడిగా బోలెడంత బతికి, మళ్లీ పాటలో ఒకటవడమన్నమాట.

అమ్మాయి తప్ప అన్నీ

ఆ ఇద్దరూ ట్రేసీ థోర్న్, బెన్ వాట్. ఇద్దరూ 1962లోనే పుట్టారు. 1981లో హల్ అనే ఊళ్లో యూనివర్సిటీలో చేరినప్పుడు కలుసుకున్నారు. వాళ్ల జంటకి పెట్టుకున్న పేరు ‘ఎవ్రీథింగ్ బట్ ద గర్ల్’. అంటే ‘అమ్మాయి తప్ప అన్నీ’! ఆ ఊళ్లో ఒక ఫర్నిచర్ షాపు వాళ్లు తమ దగ్గర పడగ్గదికి కావలసినవన్నీ దొరుకుతాయనీ, అమ్మాయిని మాత్రం అమ్మమనీ బోర్డు మీద రాసుకున్నారట. ఆ వెటకారాన్నే వీళ్లు పేరుగా పెట్టుకున్నారు. ఆ జంటలో పాడేది మాత్రం అమ్మాయే, చూడండి తమాషా.

1984లో తొలి ఆల్బం ‘ఈడెన్’ వచ్చింది. అప్పట్లో వాళ్లది గిటారు మీద నెమ్మదిగా సాగే సంగీతం. 1992లో బెన్‌కు చాలా అరుదైన జబ్బు చేసింది. చర్గ్‌స్ట్రాస్ సిండ్రోమ్ అంటారట. శరీరంలోని రక్షణ వ్యవస్థే తిరగబడి సొంత శరీరాన్ని దెబ్బతీసే జబ్బు. వారాల తరబడి ఆస్పత్రిలోనే ఉన్నాడు. చిన్నపేగు చాలావరకు తీసేయవలసి వచ్చింది. ఆ కథను తర్వాత ‘పేషెంట్’ అనే పుస్తకంగా రాసుకున్నాడు.

అతను తేరుకున్నాక 1994లో చేసిన ఆల్బంలో ‘మిస్సింగ్’ అనే పాట ఉంది. మొదట దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇంగ్లండులో రికార్డు కంపెనీ వాళ్లను వదిలేసింది కూడా. ఆ పాటనే న్యూయార్క్‌లో టాడ్ టెర్రీ అనే ఆయన తీసుకుని, ట్రేసీ గొంతును అలాగే ఉంచి, కింద మిషన్ దరువు వేసి నాట్యానికి పనికొచ్చేలా మార్చాడు. అదే చీరకు కొత్త అంచు కుట్టినట్టు! అంతే, దేశదేశాల్లో మోగిపోయింది. అమెరికాలో రెండో స్థానం దాకా వెళ్లింది. ఆ దెబ్బతో వీళ్లూ గిటారు పక్కనబెట్టి ఎలక్ట్రానిక్ సంగీతంలోకి దిగారు. 1996లో ‘వాకింగ్ వూండెడ్’, 1999లో ‘టెంపరమెంటల్’ ఆల్బంలు వచ్చాయి.

ఆగిపోయిన పాట

1998లో వాళ్లకు కవల ఆడపిల్లలు పుట్టారు. 2001లో బాబు. 2000 తర్వాత ఇద్దరూ కలిసి వేదిక ఎక్కడం మానేశారు. ఇక్కడ నేను ‘అయ్యో పాపం, పిల్లల కోసం గొంతు చంపుకుంది’ అనబోయాను. మన అలవాటు అది కదా! కానీ ట్రేసీ తన జ్ఞాపకాల్లో, ఇంటర్వ్యూల్లో చెప్పింది వేరు. వేదిక ఎక్కాలంటే ఆవిడకు మొదటినుంచీ భయమేనట. ఊళ్లు తిరగడం ఇక చాలనిపించిందట. పిల్లల దగ్గర ఇంట్లో ఉండటమే ఇష్టమైందట. అంటే ఆగింది తనే. ఎవరూ ఆపలేదు.

బెన్ మాత్రం ఆగలేదు. నైట్‌క్లబ్బుల్లో పాటలు వేశాడు, సొంత రికార్డు కంపెనీ పెట్టాడు, విడిగా ఆల్బంలు చేశాడు. ట్రేసీ కొన్నేళ్లు ఇల్లు చూసుకుని, 2007లో ఒంటరిగా ఒక ఆల్బం చేసింది. ఆ తర్వాత పుస్తకాలు రాసింది. వాటిలో ఒకటి మొత్తం పాడటం గురించే. ఒకే ఇంట్లో ఉంటూ ఇద్దరూ చెరో పని చేసుకున్నారు తప్ప, కలిసి చేయలేదు. పెళ్లి మాత్రం 2008లో చేసుకున్నారు, అప్పటికి కవలలకు పదేళ్లు! మా అమ్మమ్మ ఉంటే బుగ్గలు నొక్కుకునేది.

ఫైలుకు దొంగపేరు

తర్వాత కరోనా వచ్చింది. బెన్‌కున్న పాత జబ్బు వల్ల ఇంకాస్త గట్టిగా తలుపులు బిగించుకోవలసి వచ్చింది. అందరూ మెల్లగా బయటికి వస్తున్నా అతను ఇంట్లోనే. ఖాళీగా కూర్చుని ఇంట్లో పియానో మీద తోచింది వాయిస్తూ ఫోన్‌లో రికార్డు చేసుకునేవాడు. ‘మనిద్దరం కలిసి ఏమైనా చేద్దామా?’ అని అడిగింది ట్రేసీయే. ముందు వెనకాడింది బెన్. ఇన్నేళ్ల తర్వాత కలిసి చేస్తే లోకం ఏమంటుందో, ఇంట్లో ప్రశాంతత ఏమవుతుందో అని భయం ఉంటుంది కదా ఎవరికైనా.

2021 మార్చిలో మొదలుపెట్టారు. భయం పోవడానికి చిన్న ఉపాయం పన్నారు. కంప్యూటర్‌లో ఆ ఫైళ్లకు జంట పేరు పెట్టకుండా ‘ట్రెన్’ అని రాసుకున్నారు. ట్రేసీలో సగం, బెన్‌లో సగం. పేరున్న జంట మళ్లీ వస్తోందన్న బరువు లేకుండా, ఎవరో ఇద్దరు సరదాగా పాటలు కట్టుకుంటున్నట్టు. ఈ కిటుకు నాకెంత నచ్చిందో! నేను కూడా కథ రాసేటప్పుడు నోటుబుక్కు మీద ‘పాల లెక్క’ అని రాసుకుంటాను. కథ అని రాస్తే చెయ్యి కదలదు.

ఇంట్లో కొంత, బాత్ నగరం శివార్లలో నది ఒడ్డున చిన్న స్టూడియోలో కొంత చేశారు. ఎవరికీ చెప్పలేదు. 2022 నవంబరులో ట్రేసీ తనే ప్రకటించేదాకా గుట్టుగానే ఉంచారు.

పది పాటలు

మొత్తం పది పాటలు, 35 నిమిషాలు. మొదటిది ‘నథింగ్ లెఫ్ట్ టు లూజ్’. కింద బరువైన బేసు, తడబడుతున్నట్టుండే దరువు, మధ్యలో బోలెడంత ఖాళీ. ఆ ఖాళీలో గొంతు ఒక్కటే నిలబడుతుంది. మా అమ్మాయి హెడ్‌ఫోన్ నా చెవులకు పెట్టి, "చూడమ్మా, వాయిద్యాలు తక్కువ" అంది. నిజమే. ఎలక్ట్రానిక్ అంటే ఒకటే హోరు అనుకునేదాన్ని. మంచి వంటలో ఉప్పులా, ఎక్కడ ఆపాలో తెలియడమే దీన్లోనూ పనితనం.

‘వెన్ యూ మెస్ అప్’ అనే పాట పియానోతో మొదలవుతుంది. తప్పులు చేసినప్పుడు నిన్ను నువ్వు మరీ తిట్టుకోకు అని తనకు తానే చెప్పుకునే పాట. అందులో ట్రేసీ గొంతును కంప్యూటర్‌తో అక్కడక్కడా వంచి, మరెవరి గొంతులాగో చేశారు. వయసు కప్పిపుచ్చడానికైతే పాటంతా అలాగే చేసేవారు. ఇక్కడ అసలు గొంతు, వంచిన గొంతు రెండూ పక్కపక్కనే వినిపిస్తాయి. మనసులో మనతో మనం మాట్లాడుకునేటప్పుడు రెండు గొంతులుండవూ, అలా.

‘నో వన్ నోస్ వుయార్ డాన్సింగ్’ బెన్ ఒకప్పుడు లండన్‌లో నడిపిన ఆదివారం క్లబ్బు జ్ఞాపకం. ‘లాస్ట్’ అనే పాట పోగొట్టుకున్నవాటి జాబితా. సామాను లాంటి చిన్న నష్టాలతో కలిసి, అదే స్వరంలో, అమ్మ కూడా వస్తుంది. అక్కడ నేను హెడ్‌ఫోన్ తీసేసి కాసేపు కిటికీలోంచి బయటికి చూశాను. చివరి పాట ‘కరోకే’. నలుగురి మధ్య మైకు పట్టుకుని పాడేవాళ్లను చూసి, అసలు మనిషి ఎందుకు పాడతాడు అని అడిగే పాట.

ఇరవై ఏళ్ల పిల్ల పాడితే ఈ పాటలు అందంగా ఉండేవేమో కానీ, నమ్మబుద్ధి అయ్యేది కాదు. ట్రేసీ గొంతు వయసుతో ఇంకా కిందికి దిగింది. వాళ్లు పాటల్ని ఆ గొంతుకు తగ్గట్టే కట్టుకున్నారు. ఆ ఆల్బం ఇంగ్లండులో మూడో స్థానానికి చేరింది. వాళ్ల ఆల్బంలలో ఏదీ అంతకుముందు అంత పైకి వెళ్లలేదు. 2025లో లండన్‌లో ఒక చిన్న హాల్లో, పాతికేళ్ల తర్వాత, ఇద్దరూ మళ్లీ జనం ముందు పాడారు కూడా.

మరి మనమో?

నేనూ ఆరేళ్లు సంగీతం నేర్చుకున్నాను. వర్ణాల దాకా వచ్చాను. కాలేజీలో ప్రార్థన పాటంటే నన్నే పిలిచేవాళ్లు. పెళ్లయింది, పిల్ల పుట్టింది. ఇప్పుడు నా కచేరీ అంతా వినాయక చవితికి మంగళహారతి పాడటమే. మానెయ్యమని మా ఇంట్లో ఎవరూ అనలేదు. పాడమనీ ఎవరూ అనలేదు. ఎవరైనా అడిగితే ‘గొంతు పోయిందండీ’ అంటాను. మీలో ఎంతమంది ఈ మాట అంటారో నాకు తెలుసు!

ట్రేసీకి మనకు లేనివి చాలా ఉన్నాయి. చేతిలో పాత పాటలు తెచ్చిన డబ్బుంది, పేరుంది, సంగీతం వచ్చిన భర్త ఇంట్లోనే ఉన్నాడు. అవన్నీ లేనివాళ్లం ఆవిడలా చేసేయాలని నేను అనను. కానీ ఒకటి మాత్రం తేడాగా కనిపించింది. ఆగినప్పుడు ఆగుతున్నానని ఆవిడకు తెలుసు. నాకు తెలియలేదు. ఇవాళ కాదు రేపు, రేపు కాదు సెలవుల్లో అనుకుంటూ పదహారేళ్లు గడిచాయి. తెలిసి ఆగినవాళ్లకు మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలుస్తుందేమో.

ఆ సాయంత్రం మా అమ్మాయి ఫోన్‌లో శ్రుతి పెట్టించుకున్నాను. "ఐదున్నర పెట్టవే" అన్నాను గొప్పగా. మోహన వర్ణం ఎత్తుకున్నాను. పై షడ్జం దగ్గర గొంతు చీరుకుపోయింది. అది నవ్వలేదు, పాపం. "తగ్గించనా?" అంది. సంగీతంలో ఎవరి శ్రుతి వాళ్లదే కదా, మా టీచరుగారు మొదటిరోజే చెప్పారు. ఇన్నేళ్లూ ఎందుకో అది గుర్తు రాలేదు. నాలుగున్నరకు దించింది. ఈసారి పైకి చేరాను. వణుకుతూనే, కానీ చేరాను.

సగంలో సాహిత్యం మర్చిపోయాను. రాసుకున్న పుస్తకం అటక మీద పాత ట్రంకుపెట్టెలో ఉండాలి. రేపు స్టూలు వేసుకుని వెతకాలి. మీ అటక మీద ఏముందో మీరూ ఓసారి చూసుకోండి.